జీన్ కిట్టా, మామూలు రక్తపరీక్షా: ఏది మేలు?

పెదనాన్న లివర్ క్యాన్సర్‌తో పోయిన దగ్గర్నుంచీ కూకట్‌పల్లిలో ఉండే మా అన్నయ్యకి ఒకటే టెన్షన్, "మన వంశంలోనే ఉందిరా ఇది" అని. మొన్న ఆదివారం వెళ్ళేసరికి, ఉమ్ము పంపితే జీన్స్ చదివి చెప్పే కిట్ ఆర్డర్ పెట్టబోతున్నాడు. ఆఫీసు హెల్త్ చెకప్ రిపోర్టు మాత్రం టీవీ పక్కనే, కవర్ కూడా చింపకుండా పడి ఉంది.

జీన్ టెస్టు ఉత్తిదని నేననను. పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులో ఒక మార్పు ఉంటే లివర్ కణాల్లోని కొవ్వు సరిగా కరగక పేరుకుంటుందని, 2008లోనే బయటపడింది. అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు కాపీలూ వస్తే సిరోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడిపోవడం), క్యాన్సర్ ముప్పు ఇంకా ఎక్కువ. హెచ్ఎస్‌డీ17బీ13 అనే ఇంకో జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్ళకి ఉల్టా, కాస్త రక్షణ. అయితే పొట్ట, మందు తోడైతేనే ఆ మొదటి మార్పు బాగా రెచ్చిపోతుంది. కాబట్టి కిట్‌లో ఏమొచ్చినా డాక్టర్ చెప్పేది ఒకటే, బరువు తగ్గు, మందు మానెయ్. చిన్న వయసులోనే కారణం తెలీకుండా లివర్ పాడైనా, రక్తంలో ఐరన్ మరీ ఎక్కువున్నా, అప్పుడు డాక్టరే జీన్ టెస్టు రాస్తారు, అది వేరే సంగతి.

అసలు వంశం అనుకునేది చాలాసార్లు వైరస్. హెపటైటిస్ బి కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది, సిరోసిస్ రాకముందే క్యాన్సర్ తేగలదు, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వస్తే నింద జీన్స్ మీద పడుతుంది. పెదనాన్నకి ఆ వైరస్ ఉందో లేదో మా ఇంట్లో ఎవరికీ తెలీదు! మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకా వచ్చిందే 1997లో, 42 ఏళ్ళ అన్నయ్యకి చిన్నప్పుడు అది ఎక్కడిది? ఆ వైరస్ ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష ఏ ల్యాబ్‌లోనైనా చేస్తారు.

ఇక ఆ కవర్ నేనే చింపాను. లివర్ ఎంజైములు ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1.75 లక్షలు. లివర్ ఎంత గట్టిపడిందో అంచనా వేసే ఫిబ్-4 లెక్క ఫోన్‌లోనే వేశాం: వయసు 42ని ఎస్‌జీఓటీ 48తో గుణిస్తే 2016, కింద 175ని (ప్లేట్‌లెట్లు వేలల్లో) ఎస్‌జీపీటీ 64 వర్గమూలం 8తో గుణిస్తే 1400, భాగిస్తే 1.44. 1.3 లోపుంటే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ, దాటితే లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి. అన్నయ్య కాసేపు ఏం మాట్లాడలేదు.

నా ఓటు ఎటో చెప్పక్కర్లేదుగా. మర్నాడు హెచ్‌బీఎస్ఏజీకి రక్తమిచ్చి, స్కాన్‌కి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. కిట్ ఇంకా కార్ట్‌లోనే ఉందట.