జీపీ-9 మోడల్ ఇంజిన్‌తో తొమ్మిదేళ్ళు: ఏ చప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది

తొమ్మిదేళ్ళు నడిపాక కూడా నా దగ్గరున్న ఆరు బొమ్మ రైలు (మోడల్) ఇంజిన్లలో అన్నిటికంటే బాగా లాగేది ఇదే. అయినా, విప్పి చూసే ఓపిక లేనివాళ్ళను ఈ రకం పాత ఇంజిన్ కొనొద్దనే అంటాను.

2016లో ఇక్కడ ఒహాయోలో, ఒక ట్రైన్ షోలో సెకండ్ హ్యాండ్‌గా కొన్నాను. హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు బండిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. జీపీ-9 అనేది జనరల్ మోటార్స్ వాళ్ళ ఎలక్ట్రో-మోటివ్ విభాగం 1954లో మొదలుపెట్టిన 1,750 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్. చిన్నప్పుడు కాజీపేటలో రోజూ చూసిన డబ్ల్యూడీఎం-2 వేరే అమెరికన్ కంపెనీ ఆల్కో డిజైన్. కానీ పక్కన నడవడానికి ఉండే ఆ సన్నటి వరండా, పొడవాటి ముక్కు చూడగానే మనసు అటే పోయింది. బేరం కూడా ఆడలేదు.

మొదటి ఏడాదే గరగరమని శబ్దం మొదలైంది. నేను చేసిన మొదటి పని సీసా తీసి కనిపించిన ప్రతి చోటా ఆయిల్ పోయడం. అది తప్పు. రెండు రోజులు బాగానే ఉంది. తర్వాత ఆ ఆయిల్ కారి చక్రాలకు, వాటి నుంచి పట్టాలకు అంటుకుంది. దుమ్ము కలిసి నల్లటి జిగురైంది. బండి ఆగి ఆగి నడిచింది, పైగా గరగర అలాగే ఉంది. విప్పితే తెలిసింది, వార్మ్ గేర్ (మోటార్ తిప్పే, మర ఆకారంలో ఉండే గేరు) చుట్టూ పాత గ్రీజు మైనంలా గడ్డకట్టింది. కొత్త ఆయిల్ దాని పైనుంచే జారిపోయింది తప్ప లోపలికి వెళ్ళలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో గేర్లన్నీ కడిగి ఆరబెట్టి, ప్లాస్టిక్‌ను పాడుచేయని గ్రీజు అగ్గిపుల్ల మొనంత పెట్టాను. షాఫ్ట్ బేరింగులకు ఒక్కో చుక్క ఆయిల్ చాలు. నేను వాడేది లాబెల్ 108. ఒక్క సీసా ఇన్నేళ్ళయినా అయిపోలేదు. ఈ పనికి ఎంత తక్కువ కావాలో దాన్ని బట్టే తెలుస్తుంది.

అసలు టెన్షన్ పెట్టింది నాలుగో ఏడాది. నెమ్మదిగా నడిపితే టిక్, టిక్ అని, ప్రతి టిక్‌కీ ఇంజిన్ చిన్నగా ఎగిరిపడేది. మోటార్ పోయిందేమో అనుకున్నాను. ఈసారి మాత్రం ఆయిల్ జోలికి పోకుండా ఒక్కో భాగాన్ని విడదీసి చూశాను. బాడీ తీసేసి నడిపితే అదే చప్పుడు, కాబట్టి ఫ్లైవీల్ (మోటార్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) బాడీకి తగలడం లేదు. రెండు వైపులా షాఫ్టులు ఊడదీసి మోటార్‌ను ఒంటరిగా తిప్పితే చక్కగా, మెత్తగా తిరిగింది. అంటే రోగం బోగీల్లో ఉంది (పెట్టెలు కాదు, ఇంజిన్ కింద చక్రాలుండే చట్రాలు). పట్టా మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టి కొలిస్తే టిక్‌కీ టిక్‌కీ మధ్య దాదాపు 37 మిల్లీమీటర్లు వచ్చింది. అసలు జీపీ-9 చక్రం 40 అంగుళాలది. మోడల్‌లో అది సుమారు 11.7 మిల్లీమీటర్లవుతుంది, దాని చుట్టుకొలత దాదాపు ఆ 37 మిల్లీమీటర్లే. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఒక్క టిక్ అన్నమాట. అప్పుడు అనుమానం పోయింది, యాక్సిల్ మీది గేరే.

బోగీ కింది ప్లేటును సన్నటి స్క్రూడ్రైవర్‌తో తీస్తే చక్రాల జతలు చేతిలోకి వచ్చేస్తాయి. భూతద్దంలో చూస్తే రెండు పళ్ళ మధ్య లోయలో వెంట్రుక లాంటి చీలిక. రెండు చక్రాలకూ విడివిడిగా ఉండే ఇనుప ఇరుసు ముక్కల మీద బిగుతుగా ఎక్కించిన ప్లాస్టిక్ గేరు ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడికి పగిలిపోతుంది. చీలిన చోట రెండు పళ్ళ మధ్య ఎడం పెరిగి, అవతలి గేరు పన్ను సరిగా కూర్చోదు. అదే టిక్. ఇంకో సులువైన పరీక్ష కూడా ఉంది. రెండు చక్రాలనూ రెండు చేతులతో పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి. బాగున్న గేరైతే కదలవు, చీలినదైతే వేటికవే తిరుగుతాయి.

జిగురుతో అతికిద్దామని చూడకండి. నేను రెండుసార్లు ప్రయత్నించాను. ఆ ప్లాస్టిక్‌కు జిగురు పట్టదు, పట్టినా ఇరుసు మళ్ళీ చీలుస్తుంది. అవే పళ్ళ లెక్కతో కొత్త గేర్లు దొరుకుతాయి. పగిలినది ఒకటే కనిపించినా నాలుగూ మార్చేయండి. నేను ఒక్కటే మార్చాను, ఏడాదిలోపే ఇంకోటి చీలింది. చక్రాన్ని మెలితిప్పుతూ లాగాలి, కొత్త గేరులోకి వంకర పోకుండా నిదానంగా నొక్కాలి. రెండు ఇరుసు ముక్కలూ లోపల తాకకూడదు, తాకితే షార్ట్. చివరగా చక్రాల మధ్య ఎడం ఎన్ఎమ్ఆర్ఏ (అమెరికాలోని మోడల్ రైళ్ళ సంఘం) గేజ్‌తో చూసుకోవాలి. నేను మొదటిసారి అది చూడలేదు. పట్టాలు చీలే ప్రతి పాయింటు దగ్గరా బండి పట్టా తప్పింది.

మిగతావి చిన్నవే. ఒక దిక్కు వెళ్ళేటప్పుడు మాత్రమే కీచుమంటే వార్మ్ ముందుకీ వెనక్కీ జరుగుతోందని అర్థం. సన్నటి వాషర్ ఒకటి వేస్తే ఆగింది. డీసీసీకి (పట్టాల ద్వారా డిజిటల్ సంకేతాలు పంపి ఒక్కో ఇంజిన్‌ను విడిగా నడిపే పద్ధతి) మార్చాక నెమ్మది వేగంలో జుమ్మని మోత వచ్చింది. అది గేర్లది కాదు, ఇంజిన్‌లో ఆ సంకేతాలను అందుకునే పాత డీకోడర్ మోటార్‌కు కరెంటును ముక్కలుగా పంపే తీరుది. ఎక్కువ ఫ్రీక్వెన్సీలో నడిపే డీకోడర్ పెట్టాక పోయింది.

పెరిగిన చప్పుడంతా ఇంజిన్‌దే అనుకోవద్దు. ప్లైవుడ్ మీద నేరుగా మేకులు కొట్టిన పట్టా డప్పులా మోగుతుంది. మా లేఅవుట్‌లో పట్టా కింద కార్క్ పరిచిన భాగంలోకి రాగానే ఇదే ఇంజిన్ సగం చప్పుడే చేస్తుంది. అందుకే పరీక్ష ఎప్పుడూ ఒకే చోట, ఒకే వేగంలో చేస్తాను.

ఇప్పుడు కొనేవాళ్ళకు ఒక్క సలహా. అమ్మేవాళ్ళను అడిగి ముందు పట్టా మీద బాగా నెమ్మదిగా, రెండు దిక్కులా నడిపించండి. వేగంగా తిప్పి చూపిస్తే ఆ టిక్ వినిపించదు. నేను కొన్నరోజు అలాగే చూశాను.