జాగ్రత్త: ప్లాస్టిక్ టైగర్ ట్యాంకు కిట్ అని చెప్పి డూప్లికేట్ రెజిన్ పంపిస్తున్నారు

విజయవాడ, గుంటూరుల్లో వార్‌గేమింగ్‌కి (బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధాల ఆటకి) ట్యాంకులు కట్టేవాళ్లు ఇది చూసుకోండి. "టైగర్ 1, 1:56, ఒరిజినల్ ప్లాస్టిక్ కిట్" అని, అంటే రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకుకి 56వ వంతు సైజు బొమ్మ అని, ఆన్‌లైన్లో అమ్ముతున్న సరుకొకటి ఇక్కడికి వస్తోంది. డబ్బా విప్పితే లోపల ప్లాస్టిక్ లేదు. అసలు కిట్ మీద సిలికాన్ అచ్చు తీసి పోసిన రెజిన్ (ద్రవంగా పోస్తే గట్టిపడే పదార్థం) ఉంది.

ముందు స్కేలు పెట్టి కొలవండి. నిజం టైగర్ హల్ (ట్యాంకు ఒళ్లు), గన్ను వదిలేస్తే, 6.316 మీటర్లు. 56తో భాగిస్తే దాదాపు 113 మిల్లీమీటర్లు రావాలి. వచ్చిన హల్ 108 మాత్రమే. (88 వస్తే అది 1:72 బొమ్మ, అది వేరే మోసం.) రెజిన్ గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది, డూప్లికేట్‌కి డూప్లికేట్ తీస్తే ఇంకా తగ్గుతుంది. పైగా అన్ని ముక్కలూ ఒకే లెక్కన తగ్గవు. అందుకే టరెట్ (గన్ను ఉండే పై భాగం) హల్ మీద సరిగ్గా కూర్చోదు, ట్రాకు ఒక కొసన చక్రాల మీంచి లేచిపోతుంది.

ప్లాస్టిక్ కిట్‌లో ముక్కలు ఫ్రేముకి అంటుకుని వస్తాయి. ఇందులో కవర్లో విడిగా పోసి ఉన్నాయి, అంచుల్లో గాలిబుడగల గుంటలు, గన్ను గొట్టం వంకర. ఇంకా అనుమానముంటే అడుగు భాగంలో ఒక్క చుక్క ప్లాస్టిక్ సిమెంట్ (ప్లాస్టిక్ కిట్లు అతికించే గమ్) వేయండి. పాలీస్టైరీన్ (కిట్ల ప్లాస్టిక్) అయితే అక్కడ కరిగి మెత్తబడుతుంది. రెజిన్ అయితే ఏమీ కాదు, తుడిస్తే పోతుంది. ఆ సిమెంటుతో అతికించిన రెజిన్ ముక్క నిలవదు. "మీ గమ్ పాతదై ఉంటుంది" అని అమ్మినవాళ్లు చెప్పే మాట నమ్మొద్దు.

వాపసు ఇచ్చే ఆలోచన ఉంటే కోయొద్దు, కడగొద్దు, రంగు వేయొద్దు. స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయండి.

ఉంచుకోక తప్పదనుకుంటే గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పాత టూత్‌బ్రష్‌తో ప్రతి ముక్కా రుద్ది, రాత్రంతా ఆరనివ్వండి. అచ్చుకి పూసిన జిడ్డు మిగిలితే ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) పొరలుగా లేచిపోతుంది. అతికించడానికి సూపర్ గ్లూ వాడండి. వంకర గన్ను గొట్టాన్ని వేడినీళ్లలో ముంచి తిన్నగా చేయొచ్చు గానీ, మన మే నెల ఎండకి మళ్లీ వాలిపోయే ప్రమాదం ఉంది. దాన్ని కోసేసి ఇత్తడి గొట్టం పెట్టడమే నయం. సానపట్టేటప్పుడు తడి సాండ్‌పేపర్, మాస్కు తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్టు లేని సరుకుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి లేదు. వినకపోతే 1915కి (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి, "ప్లాస్టిక్" అన్న మాటని తర్వాత మార్చేయొచ్చు.