కొలిస్టినా, ఫేజులా? మావయ్య కల్చర్ రిపోర్టు చూశాక

పర్లాకిమిడిలో ఉండే మా మావయ్యకి ఎప్పటిదో టీబీ. జబ్బు పోయింది గానీ ఊపిరితిత్తి దెబ్బతింది. చలికాలం వస్తే అందులో సూడోమొనాస్ అనే మొండి బ్యాక్టీరియా చేరుతుంది. పచ్చటి కళ్ళె, జ్వరం. ఈసారి శ్రీకాకుళంలో చేయించిన కల్చర్ రిపోర్టులో మందుల పక్కన వరసగా ‘ఆర్’లే, అంటే క్రిమి లొంగదని. మిగతావి పనిచేయనప్పుడు ఆఖరికి వాడే యాంటీబయాటిక్ కొలిస్టిన్ పక్కన ఒక్కటే ‘ఐ’, అంటే మధ్యస్థమని.

"ఏటిరా, అన్నీ తప్పీసినానా?" అన్నాడు.

ఆ ‘ఐ’కి బెంగక్కర్లేదు. అమెరికా ప్రమాణాల్లో 2020 నుంచి కొలిస్టిన్‌కి ‘ఎస్’, అంటే లొంగుతుంది, అనే గడే లేదు; ‘ఐ’యే ఉన్నవాటిలో మంచిది.

బావ మాత్రం ఫోన్లో ఏదో చూసి "ఈ సూదులొద్దు, ఫేజులు వేయిద్దాం" అని పట్టుబట్టాడు. ఫేజంటే బ్యాక్టీరియాలో దూరి, అక్కడే పెరిగి, దాన్ని పగలగొట్టుకుని వచ్చే వైరస్. మన కణాల జోలికి రాదు. కొలిస్టిన్ అలా కాదు, కిడ్నీలను పీడిస్తుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసుకుంటూ ఎక్కించాలి. ఇంతవరకూ బావ మాటే రైటు.

చిక్కల్లా ఒకటే. పక్క మంచం మీదాయన సూడోమొనాస్‌ను చంపిన ఫేజు మావయ్యదాన్ని ముట్టకపోవచ్చు. 2019లో వార్తల్లోకొచ్చిన అమ్మాయికి, లండన్ ఆసుపత్రిలో రెండు ఊపిరితిత్తులూ మార్చాక, ముందునుంచీ ఉన్న మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ అనే టీబీ క్రిమి జాతి బ్యాక్టీరియా ఒళ్ళంతా పాకింది. పిట్స్‌బర్గ్‌లో ఫేజుల శాస్త్రవేత్త గ్రాహమ్ హాట్‌ఫుల్ బృందం తమ దగ్గరున్న వేల ఫేజుల్లో వెతికి మూడింటిని ఏరింది. వాటిలో ఒకటి దక్షిణాఫ్రికాలో కుళ్ళిన వంకాయ మీద దొరికింది (మా పెరట్లో ఏటా కుళ్ళేవాటిని ఎవరూ అడగరు!). మిగతా రెండింటికీ జన్యువులు మార్చాల్సొచ్చింది. అమ్మాయి అప్పటికి చాలావరకు కోలుకుంది, కానీ వెతకడానికే నెలలు పట్టింది. కొలిస్టిన్ ఈ రాత్రికే అందుతుంది.

అలాగని ఫేజులను తీసిపారేయను. సూడోమొనాస్‌ మీద వాడిన ఓఎంకేఓ1 అనే ఫేజు, ఆ క్రిమి యాంటీబయాటిక్‌ను బయటికి తోడేసే పంపునే పట్టుకుంటుంది. తప్పించుకోవాలని క్రిమి పంపును మార్చుకుంటే, పాత మందులకు మళ్ళీ లొంగుతుంది. అందుకే నాకు ఫేజు మందుకు బదులుగా కాక, మందుకు తోడుగానే నచ్చుతుంది.

జ్వరంతో మూలుగుతున్న మనిషికి కొలిస్టినే మేలన్నాను. ఏటా తిరగబెట్టేదానికి ఫేజు కోసం కనుక్కుందాం, దానికి మావయ్య క్రిమే కావాలి, రిపోర్టు కాగితం చాలదు అని బావకి చెప్పి ల్యాబుకి ఫోన్ చేశాను. ఆ క్రిమిని పెంచిన ప్లేటు మొన్ననే పారేశారట.