ఫోర్స్ విత్ లీజ్: ఏడాది వాడాక నా మాట

కోడ్‌లో మార్పులను నమోదు చేసే గిట్ అనే టూల్‌లోని ఒక ఆప్షన్ గురించి ఇది. నిరుడు ఒక సోమవారం పొద్దున్నే, టెస్టింగ్ చూసే తమ్ముడు వచ్చి "అన్నా, జీఎస్టీ రౌండింగ్ బగ్ మళ్లీ వచ్చిందేంటి?" అన్నాడు. శుక్రవారమే సరిచేసి రిలీజ్ బ్రాంచిలో (విడుదల కోసం విడిగా నడిపే కోడ్ పాయలో) పెట్టాను. చూస్తే నా మూడు కమిట్లూ (నమోదు చేసిన మార్పులు) సర్వర్ మీద లేవు. నా తర్వాత మా టీమ్‌లో ఒకరు అదే బ్రాంచిని రీబేస్ చేసి (కమిట్లను తిరగరాసి), మామూలు ఫోర్స్‌తో, అంటే సర్వర్ మీద ఏముందో చూడకుండా దాని మీదే రాసేలా, పుష్ చేసేశారు. ఏ హెచ్చరికా రాలేదు. పొద్దున రాగానే నేనూ సర్వర్‌కు తగ్గట్టు రీసెట్ చేసుకున్నాను కాబట్టి నా బ్రాంచిలోనూ పోయాయి. చివరికి నా లాప్‌టాప్‌లోని రీఫ్లాగ్‌లో (బ్రాంచి ఎప్పుడు ఏ కమిట్ మీద ఉందో గిట్ రాసుకునే చిట్టాలో) దొరికాయి. ఏ బ్రాంచికీ అందని కమిట్ల జాడను గిట్ మామూలుగా 30 రోజులే ఉంచుతుంది. నెల దాటి ఉంటే ఆ పని మళ్లీ చేయాల్సిందే.

ఆ రోజు నుంచి మా ఆరుగురం ఫోర్స్ మానేసి ఫోర్స్ విత్ లీజ్ వాడుతున్నాం. 2013లో గిట్ 1.8.5 వెర్షన్‌తో వచ్చింది, ఇన్నాళ్లూ పట్టించుకోనందుకు బాధగా ఉంది. సర్వర్ మీది బ్రాంచి నేను చివరిసారి చూసిన చోటే ఉంటేనే పుష్ అవనిస్తుంది. మధ్యలో ఇంకొకరు ఏదైనా పెడితే ఆపేస్తుంది. నన్ను ఇప్పటికి రెండుసార్లు ఆపింది, రెండుసార్లూ తప్పు నాదే.

కానీ ఒక లోపం ఉంది, అది చిన్నది కాదు. ఎడిటర్‌లో ఆటోఫెచ్ (సర్వర్‌లోని కొత్త కమిట్లను దానంతటదే తెచ్చుకోవడం) ఆన్‌లో ఉంటే, అవతలివాళ్ల కమిట్లు నాకు తెలియకుండానే నా మెషీన్‌కు వచ్చేస్తాయి. నేను వాటిని కళ్లతో చూడకపోయినా, చూశాననే లీజ్ లెక్కేసుకుని పుష్‌ను వదిలేస్తుంది. దీనికి మందు గిట్ 2.30లో వచ్చిన ఫోర్స్ ఇఫ్ ఇంక్లూడ్స్ అనే ఇంకో ఆప్షన్. ఆ కమిట్లు నిజంగా నా బ్రాంచిలో కలిశాయా లేదా అని రీఫ్లాగ్‌లో వెతికి చూస్తుంది. రెండూ కలిపే వాడండి, లీజ్ లేకుండా ఇదొక్కటే ఇస్తే ఏమీ చేయదు.

చరిత్రను తిరగరాయడమే వద్దని మా సీనియర్ అంటారు. గిట్ లాంటిదే అయిన ఫాజిల్ అనే టూల్‌లో రీబేసే లేదు, ఆయనకు అదే నచ్చుతుంది. నేను ఒప్పుకోను. నా ఒక్కడి బ్రాంచిలో "టైపో", "మళ్లీ టైపో" అంటూ పోగైన పదకొండు కమిట్లను రెండుగా కుదించి ఇస్తే, రివ్యూ చేసే మనిషికి ఎంత మేలు! నలుగురూ పనిచేసే బ్రాంచి సంగతి వేరు. అక్కడ పాత కమిట్ ఒక్కటి మారినా దాని పైనున్న వాటన్నిటి హ్యాష్‌లూ (గిట్ ఇచ్చే గుర్తింపు కోడ్‌లు) మారిపోతాయి, వాటి మీద పని కట్టుకున్నవాళ్లు గాల్లో నిలబడతారు.

అందుకే అందరం వాడే మెయిన్ బ్రాంచికీ రిలీజ్ బ్రాంచికీ లీజ్ కూడా చాలదు. సర్వర్‌లో నాన్ ఫాస్ట్ ఫార్వర్డ్‌లను (ఉన్న కమిట్లను తోసేసే పుష్‌లను) తిరస్కరించే సెట్టింగ్ ఉంది గానీ, అది రిపో (ప్రాజెక్టు కోడ్ నిల్వ) మొత్తానికీ తాళం వేస్తుంది. మేం ఆ రెండు బ్రాంచులకే అప్‌డేట్ హుక్ (పుష్ వచ్చినప్పుడు సర్వర్‌లో నడిచి, కావాలంటే దాన్ని ఆపే స్క్రిప్ట్) రాసుకున్నాం.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఇఫ్ ఇంక్లూడ్స్‌ను గిట్ మొదటినుంచే ఆన్‌లో ఉంచనందుకు ఆ ఒక్కటీ తగ్గించాను.