వెయ్యి లెక్కా, 1024 లెక్కా: ఫైలు సైజుకు ఏది మేలు?

పెట్టె మీద 1 టీబీ అని అచ్చువేసిన హార్డ్ డిస్కును విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే 931 జీబీ అని చూపిస్తుంది. తక్కిన 69 జీబీని తయారీదారు మింగేశాడని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ డిస్కు ప్రాపర్టీస్ తెరిస్తే జీబీ అంకె పక్కనే మొత్తం బైట్లు కూడా కనబడతాయి. అవి లక్ష కోట్లకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి, వెయ్యి లెక్కలో టీబీ అంటే అంతే కనుక పెట్టె మీది మాట నిజమే. తయారీదారు వెయ్యితో హెచ్చిస్తూ పోతే విండోస్ 1024తో భాగిస్తూ వస్తుంది, పేరు మాత్రం ఇద్దరూ ఒకటే వాడతారు.

1024 లెక్క ర్యామ్ నుంచి వచ్చింది. మెమరీ చిప్పులో ఏ స్థానం కావాలో చెప్పే తీగ, అంటే అడ్రసు లైను, ఒకటి పెరిగినప్పుడల్లా గుర్తించగల స్థానాలు రెట్టింపవుతాయి, పది లైన్లకు 1024 అవుతాయి. 8 జీబీ ర్యామ్‌లో 858 కోట్ల 99 లక్షల 34 వేల 592 బైట్లు ఉండడం అందుకే, అక్కడ వెయ్యి లెక్క పెడితే అంకెలు చిల్లరగా తేలతాయి. డిస్కులో సెక్టార్లు, అంటే డేటా రాసుకునే చిన్న గళ్లు, ఎన్నైనా ఉండవచ్చు, కాబట్టి దానికి ఈ నిర్బంధం లేదు.

కిలోబైటు దగ్గర రెండు లెక్కల తేడా 2.4 శాతమే కనుక తొలిరోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. మెగాబైటుకు అది దాదాపు 5 శాతం, గిగాబైటుకు 7.4, టెరాబైటుకు దాదాపు 10. రెండూ కలగలిసిన విడ్డూరం కూడా ఒకటుంది: 1.44 ఎంబీ ఫ్లాపీలో ఎంబీ అంటే వెయ్యిసార్లు 1024 బైట్లు! 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అని వేరే పేర్లు పెట్టింది. విండోస్ వాటిని వాడకపోవడమే గందరగోళం ఇంకా మిగలడానికి ముఖ్య కారణమని నా అభిప్రాయం. ఆపిల్ 2009లో మ్యాక్ ఓఎస్ 10.6తో డిస్కులకూ ఫైళ్లకూ వెయ్యి లెక్కకే మారిపోయింది.

నిల్వకూ ఫైళ్లకూ వెయ్యి లెక్కే మేలని నేనంటాను. జీబీ అంటే వంద కోట్ల బైట్లు, టీబీ అంటే లక్ష కోట్లు; మన లెక్కల్లో ఇంతకంటే తేలికగా నోటికి వచ్చేది లేదు. ఇంటర్నెట్ వేగం కూడా వెయ్యి లెక్కలోనే చెబుతారు, కాకపోతే బిట్లలో; ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌ను ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 12.5 ఎంబీ వస్తుంది, అంటే వేగం పూర్తిగా అందినప్పుడు 5 జీబీ ఫైలు దిగడానికి 400 సెకన్లు పడుతుంది. అదే ఫైలును 1024 లెక్కలో 5 జీబీ అన్నప్పుడు దాదాపు 429 సెకన్లు పడుతుంది, ఆ సంగతి నోటిలెక్కకు అందదు.

ర్యామ్‌తో పాటు 1024 లెక్కను గుర్తుంచుకోవలసిన చోటు ఇంకొకటి, పెన్‌డ్రైవుల్లో తరచూ కనబడే ఫ్యాట్32 ఫార్మాట్. అందులో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదంటారు గాని, అసలు పరిమితి 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 బైట్లు. కాబట్టి మ్యాక్‌లో 4.2 జీబీగా కనబడే వీడియో అందులోకి ఎక్కుతుంది, 4.3 జీబీది ఎక్కదు. దానికి పెన్‌డ్రైవును ఈ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కు మార్చాలి, మార్చేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కనుక ముందే వేరేచోట కాపీ పెట్టుకోవాలి.