గూగుల్ బిజినెస్ ప్రొఫైల్: గాంధీ రోడ్డు అంగడికి అక్కరకు వచ్చిన ఒక్క సదుపాయం

గూగుల్‌లోనో గూగుల్ మ్యాప్స్‌లోనో వెతికేవారికి మన అంగడి చిరునామా, వేళలు చూపించే ఖాతాయే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. దీనిని ‘గూగుల్ మై బిజినెస్’ అని పిలిచే రోజుల నుంచీ, అంటే 2021లో పేరు మారకముందు నుంచీ, తిరుపతిలోని మా ఇత్తడి సామాను అంగడికి వాడుతున్నాను. ఖాతా తెరవడం, ఫొటోలు ఎక్కించడం ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. నేను మెచ్చుకొనేది చాలామంది తెరిచైనా చూడని ‘ప్రత్యేక వేళలు’ అనే సదుపాయాన్ని. ఫలానా తేదీన అంగడి ఎప్పుడు తీస్తామో, ఎప్పుడు కట్టేస్తామో ముందే రాసిపెడితే ఆ ఒక్క రోజుకు అదే కనిపిస్తుంది. మరునాడు మామూలు వేళలు వాటంతటవే తిరిగి వస్తాయి.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల బజారు నడిచేది యాత్రికులతో. వేలూరు నుంచో కోలారు నుంచో వచ్చినవారు దర్శనం ముగించుకొని, రైలుకు ముందు మిగిలిన కాస్త వ్యవధిలోనే దీపపు కుందెల జతో హారతి పళ్లెమో తూకం వేయించుకొని వెళ్లాలి. ధర సంగతి తర్వాత. అంగడి తీసి ఉందా లేదా అన్నదే వారికి ముందు తెలియాలి.

2025 సెప్టెంబరు 7, ఆదివారం నాడు చంద్రగ్రహణం వచ్చింది. తిరుమలలో మధ్యాహ్నం తర్వాత శ్రీవారి ఆలయం తలుపులు మూశారు. గ్రహణం పట్టేది రాత్రి పదింటి ప్రాంతంలోనే అయినా, పెందలాడే భోజనాలు ముగించుకోవాలని మా వరుసలో చాలామంది సాయంత్రానికే షట్టర్లు దించేశారు. నేను ఆ తేదీకి ‘5 గంటల వరకు’ అని ముందుగానే పెట్టి ఉంచాను. చెన్నై నుంచి వచ్చిన ఒక కుటుంబం, రాత్రి తీరిగ్గా కొందామనుకున్న కుందెల జతను మధ్యాహ్నమే తీసుకుంటూ, “ఐదింటికే కట్టేస్తారని ఫోనులో చూశామండీ” అని చెప్పింది. అలా వేళ చూసుకొని వచ్చినవారు ఆ రోజు ఇంకా ఉన్నారు. నేను తాళం వేస్తుండగా, పక్క అంగడి మూసిన షట్టరు ముందు నిలబడిన ఒక పెద్దాయన తన ఫోను తెచ్చి నాకు చూపించారు. ఆ అంగడి రాత్రి 9 వరకు తెరిచి ఉంటుందని అందులో ఉంది. “మీ వీధిలో దేన్ని నమ్మాలి నాయనా?” అని ఆయన నన్నే అడిగారు.

ఇందులో పక్క అంగడి నడిపే అన్న నిర్లక్ష్యం ఏమీ లేదు. వీధి మొత్తానికి ఆన్‌లైన్ ప్రచారం చేసిపెడతానని డబ్బు తీసుకున్న ఒక కుర్రాడు కొన్ని అంగళ్ల ప్రొఫైళ్లను తన మెయిల్‌తోనే తెరిచి, ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. వేళ మార్చాలంటే అధికారం అతని చేతిలోనే ఉంది. ప్రొఫైలు యాజమాన్యం కోరుతూ గూగుల్‌లో అభ్యర్థన పెడితే, అప్పటికి అది ఎవరి చేతిలో ఉందో వారికి జవాబివ్వడానికి 3 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపల అతడు పలకకపోతే, అంగడి మనదేనని నిరూపించుకొని తీసుకొనే అవకాశం దొరకవచ్చు. అన్న చేతికి ఆ ప్రొఫైలు గ్రహణం దాటిన తర్వాతే వచ్చింది. ఎవరి చేత చేయించుకున్నా సరే, ప్రొఫైలు సొంత జీమెయిల్‌తో తెరిపించి, ఆ మనిషిని మేనేజరుగా మాత్రమే చేర్చుకోవాలి.

కొత్తలో, ప్రొఫైల్లో పెట్టే ‘పోస్టుల’ గురించి కూడా వీధిలో అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. పోస్టు చూసి వచ్చామన్నవారు ఇంతవరకు నాకు తగల్లేదు. ప్రొఫైలు చూసి దారి అడిగినవారి లెక్క, ఫోను చేసినవారి లెక్క చూసుకోవడానికి ముచ్చటగా ఉంటాయి, అంతే. ప్రత్యేక వేళలకూ ఒక పరిమితి ఉంది. దీపావళి లాంటి సెలవులకు వేళలు మారవచ్చని గూగులే సూచన చూపిస్తుంది గానీ, గ్రహణానికో గంగమ్మ జాతరకో అలాంటి సూచన వస్తుందని నమ్ముకొని కూర్చోలేము. మనమే గుర్తుపెట్టుకొని రాయాలి. పైగా వీధిలో ఒకరిద్దరు రాస్తే చాలదు; ఆ పెద్దాయన దృష్టిలో మాట తప్పింది ఒక్క అంగడి కాదు, బజారంతా.

మా ఇంట్లో పంచాంగం చూసి ఈ తేదీలన్నీ ఎక్కించే ఓపిక మా అమ్మాయికి ఉంది కాబట్టి నాకు ఇది సాగుతోంది. యాత్రికుల మీద ఆధారపడిన అంగడి అయితే తప్పక వాడమంటాను. దర్జీలకూ పచారీ కొట్టువాళ్లకూ ఇదే మాట చెప్పలేను. వారి దగ్గరికి వాడుకగా వచ్చేవారు అంగడి తీశారా అని వాట్సాప్‌లోనే అడిగేస్తారు.