హనుమకొండలో ఆరు ఆదివారాల చరిత్ర తరగతులు: బాకీల లెక్క నుంచి మొదలైన పాఠం

అమెరికా తన పొరుగు దేశాల్లో పదేపదే ఎందుకు జోక్యం చేసుకుందన్న విషయం మీద హనుమకొండలోని ఒక అద్దె హాలులో ఆరు ఆదివారాలు సాగిన తరగతులకు ఆరు వందల రూపాయల రుసుము కట్టి హాజరయ్యాను. సైన్యం ఏ తేదీన దిగిందో చెప్పి ఊరుకోకుండా, దిగకముందు ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో చూపించడం ఈ తరగతుల బలం.

డొమినికన్ రిపబ్లిక్ పాఠం అన్నిటికన్నా బాగుంది. 1905లో ఆ దేశపు కస్టమ్స్ వసూళ్లను అమెరికా చేతిలోకి తీసుకుని, 55 శాతం అప్పులిచ్చినవారికి కేటాయించి, 45 శాతమే అక్కడి ప్రభుత్వానికి ఇచ్చింది. ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) దగ్గర పెట్టుబడికి అప్పు తెచ్చుకున్న రైతు పత్తిని అతని దగ్గరికే తేవలసి రావడం, తక్‌పట్టీలో (అమ్మకం లెక్క చీటీలో) బాకీ పోగా మిగిలినదే చేతికందడం చూసినవాళ్లం కనుక, మాకు ఆ ఏర్పాటును విడమరచి చెప్పవలసిన అవసరం రాలేదు. 1914 డిసెంబరులో అమెరికా మెరైన్ సైనికులు హైతీ జాతీయ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారాన్ని న్యూయార్క్‌కు తరలించారని, మరుసటి ఏడాది మొదలైన ఆక్రమణ 1934 దాకా సాగిందని విన్నప్పుడు హాలంతా నిశ్శబ్దమైంది.

గ్వాటెమాల పాఠం మాత్రం ఒకవైపుకు మొగ్గింది. 1952 భూసంస్కరణ చట్టం కింద అరటి పండ్ల వ్యాపారం చేసే అమెరికన్ సంస్థ యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ బీడు భూములను తీసుకున్న ప్రభుత్వం, పన్ను కోసం కంపెనీ తానే చూపిన విలువ ప్రకారం సుమారు 6 లక్షల 27 వేల డాలర్లు ఇస్తామంటే, అమెరికా 1 కోటి 58 లక్షలకు పైగా అడిగింది. 1954లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ నడిపిన కుట్రతో గ్వాటెమాల అధ్యక్షుడు అర్బెంజ్ గద్దె దిగాడు. ఈ అంకెలను ఉపన్యాసకుడు చక్కగా వివరించారు. అయితే అదే ఏడాది అమెరికా ప్రభుత్వమే ఆ కంపెనీ మీద గుత్తాధిపత్య వ్యతిరేక కేసు వేసిన సంగతి, కమ్యూనిజం పట్ల వాషింగ్టన్‌కున్న భయం కూడా చెప్పి ఉంటే, కంపెనీ లాభం ఎంతవరకు కారణమో మేమే తూచుకోగలిగేవాళ్లం.

నాకు నిజంగా బాధ కలిగించింది బేరార్ (నేటి మహారాష్ట్రలోని విదర్భలో ఒక భాగం) ప్రస్తావన రెండు వాక్యాల్లో ముగియడం. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన కంటింజెంట్ సైన్యం జీతాల బాకీ చూపి, 1853లో ఈస్టిండియా కంపెనీ నిజాం నుంచి పత్తి పండే ఆ నల్లరేగడి నేలను తన పాలనలోకి తీసుకుంది. మన తాతముత్తాతలు బతికిన రాజ్యంలోనే జరిగిన ఆ ఉదంతానికి వచ్చే విడతలో ఒక ఆదివారమంతా కేటాయించాలని నిర్వాహకులకు రాసి ఇచ్చాను. కేటాయిస్తే మళ్లీ రుసుము కట్టి, మా అబ్బాయిని కూడా వెంట తీసుకువెళతాను.